పిల్లల సైజు

చెంగ్డూలో ఒక మాల్. పిల్లల బట్టల విభాగంలో, బట్టలు వేసి చూసుకునే తెర గదిలో పదిహేనేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల ఆమె పిన్ని కూతురు ఉన్నారు. ముందు పెద్దమ్మాయి గొంతు వినిపించింది.

"పట్టింది చూడు! పదేళ్ల పిల్లల టీషర్టు. నడుము కనిపించేలా తియ్యి ఫోటో."

"తీశాను. అక్కా, నీ చేతులు వణుకుతున్నాయి."

"ఏసీ చల్లగా ఉంది. ఆగు, నెట్‌లో పెట్టేస్తాను, అందరూ ఇలాగే పెడుతున్నారు."

"అమ్మమ్మ కింద హాట్‌పాట్ హోటల్లో, ఉడికే పులుసు గిన్నె ముందు కూర్చుంది. నీకిష్టమని బాతు పేగులు ఆర్డరిచ్చింది."

"నాకు కడుపునొప్పని చెప్పు."

"నిన్న కూడా అదే చెప్పించావు. అబద్ధాలాడుతున్నానని నన్నే తిట్టింది."

"అయితే తలనొప్పని చెప్పు, మొద్దూ. ఇదిగో, కామెంట్లు వస్తున్నాయి. చదువు."

"'సూపర్ అక్కా.' 'నడుమేదీ, కనిపించడం లేదే!' ఇంకొకటి... ఇది వద్దులే."

"చదవమన్నానా!"

"'పదేళ్లది ఎవరికైనా పడుతుంది. ఎనిమిదేళ్లది వేసి చూపించు.' దీనికే ఎక్కువ లైకులు అక్కా."

"వెళ్లి ఎనిమిదేళ్లది పట్రా."

"ఇవ్వరు. పెద్దమ్మాయిలొచ్చి సాగదీసి పోతున్నారని షాపు ఆంటీ చిన్న సైజులన్నీ లోపల దాచేసింది."

"నువ్వేసుకున్నది ఎన్నేళ్లది?"

"ఎనిమిదేళ్లదే. పోయినేడాది అమ్మ కొంది."

"విప్పివ్వు."

"వద్దక్కా. ఇది నాకే బిగుతుగా ఉంది."

"నీకే బిగుతా? ఇటు తిరుగు. అద్దంలో చూడు, ఏంటా పొట్ట?"



"అక్కా, నీకూ ఇలాగే ఉండేదా?"

"ఉండేది."

"మరి ఎలా పోయింది?"

"గడియ పెట్టడానికి ఇక్కడ తలుపు లేదు. తెర సరిగ్గా లాగి, ఇలా వచ్చి కూర్చో. చెప్తాను."