బండికెన్ని రేంజీలు?

సుంకులమ్మ అని ఒకామె ఉండాది మా పైబోడు ఊర్లో, నల్లమల గట్టు మీద. ట్రాక్టరు తోల్తాది. నవ్వద్దండి, ఆమె దున్నిన సాలు మాదిరి మా ఊర్లో ఏ మొగోడూ దున్నలేడు. ఆమె మొగుడు మద్దిలేటి, ఆయప్పకు కిడ్నీలు చెడిపొయినాయి. వారానికి రెండుతూర్లు కింద టౌను ఆస్పత్రిలో మిషను కాడ పండుకోబెట్టి రగతం కడగల్ల, కడక్కపోతే మనిషి దక్కడు. టౌనుకు పోయేదానికి రెండు దోవలు అనుకో. బస్సు దోవ గట్టంతా చుట్టుకోని పోతాది, కోడి కూసినప్పుడు ఎక్కితే మల్ల దీపాలు పెట్టినాకనే ఇంటికి. ఇంగోటి అడివి దోవ, దగ్గిర. అయితే ఆ దోవలో రాళ్లు, ఇసక వంక, మలుపులు. దానికి తోడు రేంజరు సారు గేటు పెట్టి, పొగ ఇడిసే బండి, చప్పుడు చేసే బండి పోగూడదు, జంతువులు బెదురుతాయి అన్నాడంట. ఇంక ఏం చేస్తారు, బస్సే గతి. ఆ బస్సులో మద్దిలేటి కక్కుకుంటా పోయేది, తోటకూర కాడ మాదిరి వాలిపోయి వచ్చేది. ఒగనాడు గోడతట్టు తిరిగి పండుకోని, ఇంక నేను పోను మే, ఆ బస్సులో చచ్చేదానికన్నా ఈ మంచంలో చచ్చేది మేలు అన్నాడు. దానికి సుంకులమ్మ ఏమనిందంటే, "చచ్చేది నీ ఒక్కని ఇష్టమా మామా? నన్ను అడిగినావా? నేను ఒప్పుకోల్యా, లెయ్" అని రెక్క పట్టుకోని లేపిందంట. అది మొండిది. చిన్నప్పటినుంచీ మొండిదే.

ఆయప్పను బతిమాలి, తిట్టి, బస్సులోనే తీసకపోతా, ఇంగోపక్క పొదుపు సంఘం లాలెమ్మ కాడికి పొయ్యింది. "అక్కా, కరెంటు కారుకు పొగ రాదు, చప్పుడు ఉండదు. సంఘం తరఫున ఒకటి తెద్దాం, నేను తోల్తా. నా మొగునికే కాదు, నిండు చూలాలికీ, పాము కరిచినోనికీ అందరికీ పనికొస్తాది" అనింది. లాలెమ్మ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు, అయినా ఒప్పుకునింది. టౌనుకు కబురు పెడితే ముగ్గురు మూడు బండ్లు తీస్కోని వచ్చినారు, పెద్దపెద్దవి, జీపు కన్నా ఎత్తువి. ఊరంతా బడి కాడ చేరినారు, పెండ్లిచూపులు మాదిరి. ఒకామె బండికి బొట్టు పెట్టబోతే, ఇంకా కుదర్ల్యా, ఆగు మే అన్నారంట.

ఇప్పుడు చూడండి తమాషా. మొదుటాయన నల్లద్దాలు పెట్టుకోనుండాడు. "అమ్మా, మా బండికి ఐదునూర్ల రేంజి" అన్నాడు. మా అడివోళ్లకు రేంజి అంటే ఏంది? రేంజరు సారు ఏలుబడే కదా! మాకుండేది ఒకే రేంజి, ఆ ఒక్క సారును దాటేదానికే మా తల ప్రాణం తోకకొస్తాది. ఈ బండికి ఐదునూర్ల రేంజీలు ఒప్పుకున్నాయంటే ఇదెంత గొప్ప బండి అని అందరూ నోరు తెరిచినారు. రెండో ఆయన, మాది నాలుగునూర్లు, అయితే స్టీరింగు చిటికెనేలుతో తిప్పొచ్చు అన్నాడు. మూడో ఆయన బక్కోడు, మాట్లాడేదే తక్కువ. "మాది మూడునూర్లు తల్లీ. గట్టెక్కితే అంత గూడా రాదు" అన్నాడు. లాలెమ్మ మూతి తిప్పింది. మూడునూర్లేనా, గేటు కాడ ఆపేస్తారు, దీన్ని ఎనక్కి తీసకపోనాయనా అనింది. సుంకులమ్మ గూడా అట్లనే అనుకునింది, నేనేం ఆమెను గొప్ప చేసి చెప్పను. అయితే తోలి చూడకుండా నేను మాటియ్యను, గేటు దాకా మూడింటినీ తోల్తా అనింది.

మద్దిలేటిని రమ్మంటే రాల్యా. అప్పుడు ఏం చేసిందంటే, చెంబు నిండా మజ్జిగ పోసి ఎనక సీట్లో పెట్టి, "ఇదే నా మొగుడు. రగతం కడిగిచ్చుకోని వచ్చే మనిషి పచ్చికుండ మాదిరి ఉంటాడు, కుదిపితే ఓర్చుకోలేడు" అనింది. నల్లద్దాలాయన బండి ఎక్కింది. బండి నున్నగానే పొయ్యింది, అనుకో, ఎంతదూరం? రాళ్ల కాడికి పొయ్యేతలికి కడుపు రాయికి ఆనుకోని, ఎనక్కి రాదు, ముందుకు పోదు. ఐదునూర్ల రేంజీలూ ఒక్క గుండు మీద కూసున్నాయి. ఆడోళ్లంతా కొంగులు చెక్కోని ఎత్తినారు. రెండోది రాళ్లను ఒడుపుగా తప్పిచ్చింది, మలుపుల్లో పాము మాదిరి తిరిగింది, చెంబులో చుక్క తొణకల్యా. ఇదే ఇదే అన్నారు అందరూ. ఇసక వంకలో దిగింది చూడండి, చక్రాలు గిర్రున తిరుగుతాండాయి, బండి కిందికి పోతాంది. ఎద్దులు కట్టి లాగినారు. ఇంక మూడోది. అది మేకనాయనా, మేక! రాళ్లెక్కింది, వంక దాటింది, అవతలి గడ్డెక్కి గేటు కాడ నిలబడింది. అయితే ఎనక తిరిగి చూస్తే చెంబు దొర్లిపొయ్యి సీటంతా మజ్జిగ. లాలెమ్మ నోరు ఊరికే ఉండదు కదా, "నీ మొగుడు పారిపాయ కదమ్మే!" అనింది. అందరూ నవ్వినారు. సుంకులమ్మ నవ్వల్యా.

ఆ తడిసిన సీటు కొంగుతో తుడిచి, "ఇదే కావల్ల" అనింది. దీనికి రేంజి తక్కువ కదమ్మే అని లాలెమ్మ గట్టిగా పట్టుకునింది. గేటు కాడనే ఉండారు కదా, రేంజరు సారు అప్పుడే టీ తాగుతాండాడు. సుంకులమ్మ నేరుగా పొయ్యి, "సారూ, మీ దోవలో పోవల్లంటే బండికి ఎన్ని రేంజీలు ఉండల్ల?" అని అడిగింది. సారుకు టీ ముక్కులోకెక్కింది. దగ్గి దగ్గి, "తల్లీ, బండి రేంజి అంటే ఒకపారి కరెంటు తాపితే ఎంతదూరం పోతాదో అది. నా రేంజి వేరే. పొగ రాకుంటే సాలు, నువ్వు పో" అన్నాడంట. లాలెమ్మ మొగం చూడల్ల అప్పుడు! ఇంక బక్కాయనను అడిగింది సుంకులమ్మ, టౌనుకు పొయ్యి వచ్చేదానికి సరిపోతాదా అని. సరిపోతాది తల్లీ, గట్టెక్కేటప్పుడు కరెంటు తాగుతాది, దిగేటప్పుడు దానంతట అదే కొంచెం నింపుకుంటాది అన్నాడు. "మరి మజ్జిగ సంగతేంది?" అనింది లాలెమ్మ. "మెత్తదనం బండికి లేకుంటే తోలేదానికి ఉండల్ల. అది నేను నేర్చుకుంటా" అనింది సుంకులమ్మ.

నేర్చుకునింది. బండి వచ్చినాక పొద్దన్నే నిండు చెంబు పెట్టుకోని గట్టు దిగేది, ఒట్టి చెంబుతో గట్టెక్కేది. మా ఊరోళ్లు మజ్జిగమ్మ అని పేరు పెట్టినారు, కుక్కలు ఆ బండి ఎంట నాక్కుంటా తిరిగినాయి. ఏ రాయి మీద ఏ చక్రం పెట్టల్ల, వంకలో యాడ ఇసక గట్టిగుండాది, మలుపుకు ముందు కాలు యాడ తియ్యల్ల, అన్నీ చూసుకునింది. నవ్వేవాళ్లు నవ్వి నవ్వి అలిసిపొయినారు, ఆమె అలిసిపోల్యా. ఒగనాడు చెంబు నిండుగా పొయ్యి నిండుగా వచ్చింది. ఆ మజ్జిగ నేనే తాగినా, పుల్లగా ఉండాది.

మరుసునాడు మద్దిలేటిని ఎక్కిచ్చింది. ఈ పారితో సరి మే, మల్ల నన్ను అడగొద్దు అనుకుంటానే ఎక్కినాడు. గట్టు దిగేటప్పుడు స్టీరింగు కాడి అద్దంలో కరెంటు అంకె పెరుగుతాంటే, ఇదేంది మే, పోతాంటే నిండుతాండాది అన్నాడంట. మిషను కాడ పని అయినాక మల్ల ఎక్కిచ్చుకోని గట్టెక్కింది. ఇంటికాడ ఆపి, మామా, దిగు అంటే పలుకు లేదు. మల్ల పిలిచింది, పలుకు లేదు. తల పక్కకు వాలిపోయి ఉండాది. బండి ఇడిసి ఎనక్కి ఉరికి, ముక్కు కాడ చెయ్యి పెట్టింది. గుర్రు! గురకపెడ్తాండాడు నాయనా! ఆ బస్సులో కక్కుకుంటా వచ్చే మనిషి ఆ రాళ్లూ ఆ వంకా తెలీకుండా నిద్రపోయినాడు. అంత మొండి మనిషి అట్లే కింద కూలబడి ఏడిచింది. ఆ ఏడుపుకు ఆయప్ప లేసి, కండ్లు నలుపుకోని, ఊరొచ్చెనా అన్నాడు. మల్ల ఏమన్నాడంటే, "మే, మనం మల్ల ఎప్పుడు పొయ్యేది?"

ఇంతే కథ. మీరు గూడా టౌనుకు పోవల్లంటే ఆ బండే ఎక్కండి, ముసిలోళ్లను ముందు సీట్లో కూసోబెడ్తాది. అయితే ఒక మాట, పక్కన కూసోని నిదానంగా పోమ్మా అని మాత్రం అనొద్దండి. నేను అన్నా. వంక కాడ దింపేసి పొయ్యింది.