రంగు కింది రేకు

రంగొక్కటి కొట్టియ్యమంటవు. మాపటికల్ల గావాలంటవు. మడ్‌గార్డు మీద గా బొబ్బలు కనవడొద్దు, తలుపుల కింద గా ఎర్ర మరకలు కనవడొద్దు, ఎండల వెడితే అద్దం లెక్క మెరవాలె. గంతేనా, ఇంకేమన్న ఉన్నదా?

ఇటు రా. వంగు. మోకాలు నేలకానిస్తే ప్యాంటుకు జర మన్నంటుతది, పానమేం పోదు. గీ స్క్రూడ్రైవర్ చూడు. నేను సుత్తె వట్టలే, బలం వెట్టలే, ఊకె ఆనిచ్చిన. ఎట్ల దిగిందో చూసినవా? పెరుగుల చెంచ దిగినట్టు దిగింది. గది రేకనుకుంటున్నవా? రేకు పోయి మస్తు దినాలాయె. గది పుట్టి, లప్పం. తుప్పు తిన్న పొక్కలల్ల మెత్తి, పైన రంగు కొట్టి, ఎండవెట్టి నీకు అంటగట్టిండు. నువ్వు కొన్నది జీపు గాదు బేటా, రంగు డబ్బ.

ఫోన్ల వీడియో చూసి బేరం జేసిన అంటవు. శభాష్. ఎడ్లు కొనెటోడు గూడ నోరు తెరిచి పండ్లు చూస్తడు. నువ్వు పాతికేండ్ల జీపు కొనవోయి ఒక్కసారి కిందికి వంగలే. పాట మంచిగ వెట్టిండా వీడియోల?

రాంగనే డెంటర్ ఏడున్నడని అడిగినవు. నేను నీ ముంగటనే చేతుల గరుకు కాయితం వట్టుకొని నిలవడ్డ. నువ్వు షెడ్డంత చూసినవు, కంప్రెసర్ ఎన్కకు గూడ తొంగి చూసినవు, మొగోడు దాక్కున్నడేమో అని. డెంటర్ నేనే. పెయింటర్ నేనే. సుల్తాన్ బీ అంటరు నన్ను. గీ ఇచ్చోడల హైవే మీద ఇరవై ఏండ్ల సంది గిదే పని. నీ అసొంటోళ్లను మస్తు మందిని చూసిన. బండికి రోగమొస్తే స్నో పౌడర్ రాయమంటరు.

రంగే గావాలంటే నిర్మల్ పో. ఆడ కట్టె బొమ్మలకు బంగారం లెక్క మెరిసే రంగులేస్తరు, మస్తుంటయి. గాని గా బొమ్మ జీపుల మనుషులెక్కరు. నీ దాంట్ల ఎక్కుతరు.

బోథ్ రోడ్డు మీద నడుపుత అంటివి గద. పొద్దుగాల పత్తి ఏరెటోళ్లను తీస్కపోవుడు, పొద్దుగూకంగ తీస్కొచ్చుడు. ముంగట ముగ్గురు, నడుమ ఐదుగురు, ఎన్క ఎంతమంది వడితే గంతమంది. రేకు మీద నిలవడేటోళ్లు ఏరే. గా రేకే లేదు నీ బండికి. దేని మీద నిలవడుతరు, నీ నమ్మకం మీదనా?

ఆఁ, ఇగ అన్నవు. గా మాట ఎప్పుడంటవా అని చూస్తున్న. సత్తార్ మియా పని మాకెర్కనే అన్నవు. అను, మంచిగనే అను.

నువ్వు భూమిక తమ్మునివి, రాకేశ్‌వి. నువ్వు పేరు చెప్పకముందే గుర్తువట్టిన. మాట్లాడేటప్పుడు తల పక్కకు వంచుతవు, అచ్చం నిన్ను గన్న మీ అవ్వ బాలవ్వ లెక్క. భూమిక కాలు తీసినోడు సత్తార్ అని మీ ఊర్ల చిన్న పోరన్ని లేపినా చెప్తడు. గా సత్తార్ నా మొగడు. పోయిన ఆనకాలం పోయిండు. ఊపిర్తిత్తులల్ల రంగు పేరుకున్నదన్నడు డాక్టర్.

గాని నాకొక్కటి సమజ్ అయితలే. గా అక్క పెట్టుడు కాలు పొద్దున తొడుక్కునుడు, మాపు ఇడుసుడు రోజు చూస్తవు. చూసుకుంట, తుప్పు మీద రంగు కొట్టియ్యమని గీ షెడ్డుకే వచ్చినవు. సిగ్గున్నదా అని అడగాలె నిన్ను. అడగ. అడిగే మొకం నాకు లేదు. ఎందుకు లేదో చెప్త, కూసో. గా స్టూల్ గుంజుకో. జీపు యాడికి పోదు, దానికి నడిచే తాకత్ లేదు.

గప్పుడు నువ్వు ఉట్నూరు హాస్టల్ల ఎనిమిదో తరగతి. నీకేం తెల్వది. పదకొండేండ్లాయె.

అంతయ్య అని ఉండె, బోథ్‌కు జీపు నడిపెటోడు. ఆనకాలమంత ఎన్క యూరియా బస్తాలు మోసెటోడు. బస్తాలు కారుతయి, దాని మీద బురద కాళ్ల తడి, ఇగ రేకు ఏం ఆగుతది? కాలిన అప్పడం లెక్క అయింది ఫ్లోరు. పత్తి ఏరుడు షురూ అయ్యే టైముకు తీస్కొచ్చిండు. సత్తార్ కింద పండి వేలితోటి కొట్టుకుంట చూసిండు. గదే ఆయన అలవాటు. గట్టి రేకు ఒకతీరుగ మోగుతది, సచ్చిన రేకు ఒకతీరుగ. మొత్తం కొయ్యాలె, మూడు దినాలు వడతది అన్నడు. అంతయ్య మొకం మాడ్చుకున్నడు.

గా తెల్లారే కిన్వట్‌ల సత్తార్ అక్క సచ్చిపోయిందని కబురొచ్చింది. ఆయన పోయిండు. నేనొచ్చెదాంక గా ఫ్లోరు ముట్టకు అని చెప్పి పోయిండు.

గప్పటికి తొమ్మిదేండ్ల సంది ఆయన పక్కన పని జేస్తున్న. పనంటే ఏంది, రుద్దుడు. ఆయన అతికిస్తడు, నేను రుద్దుత. గ్యాస్ కట్టర్ నా చేతికియ్యలే, చీరకు మంటంటుకుంటదనెటోడు. నా చేతులు చూడు, వేలిముద్రలు గూడ అరిగిపోయినయి. ఆధార్ కాడికి పోతే మిషన్ నన్ను గుర్తువట్టది. గన్ని దినాలు రుద్దినా నేను డెంటర్ పెండ్లాన్నే గాని డెంటర్ని గాలే.

అంతయ్య వచ్చిండు. సత్తార్ లేడా, అయితే నేను వేరే షెడ్డుకు పోత అన్నడు. గిప్పుడు నువ్వు చూసినవే, గట్లనే షెడ్డంత చూసిండు నన్ను ఇడిసి. నాకు రోషమొచ్చింది. నేను జేస్త, ఎల్లుండి వచ్చి తీస్కపో అన్న.

కట్టర్ అంటువెట్టిన. రెండు జానలు కోసిన. తుప్పే. ఇంకో జానెడు కోసిన, తుప్పే. గట్టి ఇనుము తగిలెదాంక కోసుకుంట పోవాలె, గప్పుడు దానికి కొత్త రేకు అతకాలె. గది నాకు తెల్వదని గాదు. తెలుసు. గాని కోసినకొద్ది కింద నేల కనవడవట్టింది. ఇగ భయం వట్టుకున్నది. కోసుకుంట పోతే బండికి ఫ్లోరే ఉండది, మల్ల అతుకుడు నాకు చాతగాదు. ఆయన వచ్చి చూస్తే ఏమంటడు? అంతయ్య హోటల్ కాడ కూసొని ఏం చెప్పుకుంటడు?

పల్చటి రేకొకటి దొరికింది మూలకు. తీసి తుప్పు మీద కప్పిన. వెల్డింగ్ చుక్కలు నాలుగు వెట్టిన, గవి గూడ తుప్పు మీదనే వడ్డయి. సందులల్ల పుట్టి మెత్తిన. పైన తారు రుద్ది నల్లరంగు కొట్టిన. రంగు మంచిగ కొడ్త నేను, గా దాంట్ల ఎవ్వడు వంక వెట్టలేడు. కొత్త పెండ్లికొడుకు లెక్క మెరిసింది.

అంతయ్య వచ్చి చెయ్యితోటి నిమిరి, సత్తార్ కన్న నీ చెయ్యే సాఫున్నదన్నడు. చూడు, నా బతుకుల ఒక్కడంటే ఒక్కడు గా మాట అన్నడు. గా దినం నేను నేల మీద నడవలే.

సత్తార్ వచ్చిండు. జీపేదన్నడు. కోసి ఏసిచ్చిన అన్న. ఇటు మొకం వెట్టి కండ్లల్లకు చూసుకుంట చెప్పిన. నమ్మిండు. దావత్‌ల వెట్టిన పళ్లాన్ని గూడ వేలితోటి కొట్టి చూసే మనిషి, గా రోడ్డు మీదికెల్లే జీపు రోజు పోతుంటే ఒక్కనాడు ఆపి నా పనిని కొట్టి చూడలే. భరోసా అంటరు గద. గదే.

జీపు ఇచ్చిన తొమ్మిదో దినం. కాలేజీకి సెలవులని మీ అక్క మీ అవ్వతోటి పత్తికి పోయింది. ఎన్క నిలవడ్డది. కల్వర్టు కాడ బండి ఎగిరి వడ్డది. రేకు కాయితం లెక్క చినిగింది, కుడికాలు కిందికి వోయింది. అంతయ్యకు కేకలు ఇనవడి బండి ఆపెటాలకు...

మిగిలింది మీ అవ్వ చెప్పే ఉంటది. చీలమండ మీదికెల్లి తీసేసిన్రు. పదిహేడేండ్ల పిల్ల.

కూసో. నిలవడకు. కొట్టాలనుంటే అయిపోయినంక కొట్టు, ఆపుతలే. ఆ, గా పని నాది. నీ అక్క కాలు తీసింది సత్తార్ గాదు, నేను.

సత్తార్ గా దినమే పోయి జీపు కింద చెయ్యి వెట్టి చూసిండు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నడు. మస్తుసేపు కడిగిండు. నన్నేం అడగలే. తిట్టలే, చెయ్యి లేపలే. కొడితే మంచిగుండేది. తెల్లారి మీ ఊరి పెద్దమనుషులు పిలిస్తే పోయిండు, నేను గూడ ఎన్కనే పోయిన. ఎవరు చేసిన్రు పని అని అడిగిన్రు. నేను నోరు తెరిచిన, నిజం చెప్తున్న, తెరిచిన. ఆయన నాకంటే ముందుగాల్నే, నా చేతి పని అన్నడు. నేను నోరు మూసుకున్న.

గప్పుడు నాకు ఏడుపొచ్చిందనుకుంటున్నవా? రాలే. పానం నిమ్మలమైంది. బతికిన అనుకున్న. గట్లాంటి దాన్ని నేను.

తొవ్వల నడుసుకుంట ఒక్క మాట అన్నడు. “నీ చేతి పని అని తెలిస్తే ఇగ ఏ ఆడిదానికి సుత్తె ఇయ్యరు. నాకైతే ఏడాది తిడుతరు, మల్ల మర్సిపోతరు.” గంతే. మల్ల దాని ముచ్చటే తియ్యలే.

పెద్ద మనసున్నోడు అనుకుంటున్నవా? అందరు గట్లనే అనుకుంటరేమో. నాకైతే మండుతది. ఎవరడిగిన్రు ఆయనను? నా తప్పు నాకుండనియ్యకుంట గుంజుకపోయిండు. నేను వద్దనలే, గది ఏరే సంగతి. మర్సిపోతరన్నడు, ఎవరు మర్సిపోయిన్రు? బోథ్ బండి ఒక్కటి రాలే మల్ల. మసీదు కాడ గూడ వాడు గిట్ల, వాడు గట్ల అని గునుసుకునెటోళ్లు. ఇని ఇననట్టు నడిసొచ్చెటోడు, ఇంటికొచ్చి చాయ్ అడిగెటోడు.

గా వారమే కట్టర్ నా చేతికిచ్చిండు. స్టూల్ ఏసుకొని పక్కన కూసునెటోడు. కోయ్, ఇంకా కోయ్, గట్టి ఇనుము తగిలిందా, తగల్లే, అయితే ఇంకా కోయ్. నేను ఏడుసుకుంట కోసెదాన్ని. మూడేండ్లు నేర్పిచ్చిండు. బదనాం ఆయనకాయె, పని నాకొచ్చె. గందుకే చెప్తున్న, నీ జీపు ముంగటి ప్యానెల్ ఉంటది, మడ్‌గార్డులు రెండు పోతయి, ఫ్లోరు మొత్తం పోతది. పది దినాలు వడతది. ఒక్క జానెడు తుప్పు మీద గూడ నేను రంగు కొట్ట, నువ్వు కాళ్లు మొక్కినా కొట్ట.

అయిపోలే. అసలుది ఉన్నది, ఇను.

సత్తార్ పోయిన నాడు మీ అక్క వచ్చింది. మీ ఇంట్ల చెప్పిందో లేదో. బస్సు దిగి, గా కాలుతోటి గీ బురదల నడుసుకుంట వచ్చింది. మంది జరిగి తొవ్వ ఇచ్చిన్రు. లోపటికి రాలే, గడప కాడ నిలవడ్డది. నేను పోతే నా రెండు చేతులు వట్టుకున్నది.

“ఆయన మీద కోపం పోయి మస్తు దినాలాయె చాచీ. బతికున్నప్పుడే వచ్చి చెప్పాల్సింది, ఆలస్యం జేసిన” అన్నది.

ఏడుస్తున్నది పిల్ల. లోపల ఆయన పండి ఉన్నడు. గా కోపం ఆయనది గాదు, గా మాఫీ ఆయనది గాదు. రెండు నాయి. ఒక్క మాట చెప్తే అయిపోయేది. ఇగ కాపాడెటందుకు ఆయన గూడ లేడు, ఆపెటందుకు గూడ లేడు.

నేనేమన్ననో తెలుసా? నీది పెద్ద మనసు బిడ్డా అన్న. ఆయన ఆత్మ శాంతిస్తది అన్న. చాయ్ తాగి పొమ్మన్న.

తాగి పోయింది.

గిప్పుడు నీకు చెప్పిన. అక్కకు చెప్తవో, చెప్పవో, నీ ఇష్టం. నేను చెప్త అని మాత్రం అనుకోకు. ఏడాదాయె, దినాం చెప్పాలె అనుకుంటున్న, దినాం షెడ్డు తెరుస్తున్న.