తాళి చేత పట్టుకోని పరిగెత్తిన మద్దిలేటి

మద్దిలేటి ఒక తావ కూచునేటోడు కాదంట. కూచుంటే లేస్తాడు, లేస్తే నడుస్తాడు, నడుస్తా నడుస్తా ఎనక్కి తిరిగి చూస్తాడు. ఎర్రమెట్ట బస్టాండులో మూటలు మోసేటోడు. టీ గుడక నిలబడే తాగుతాడు. గ్లాసు సగంలో ఉండంగానే యాడన్నా డబ్బా కింద పడిందనుకో, లారీ టైరు పేలిందనుకో, ఇంక అంతే, గ్లాసు యాడో మనిషి యాడో. ఊరు దాటి చేన్లల్లో పడి పోతాంటాడు. పొద్దు వాలినాక వస్తాడు, కాళ్ల నిండా ముండ్లు, మొగం దించుకోని. జనం ఏమనుకుండ్రి? గాలి సోకింది అనుకుండ్రి. వాళ్లమ్మ బతికుండంగా దర్గాకు పిల్చుకపాయె, తాయెత్తు కట్టిచ్చె, యాపమండలతో కొట్టిచ్చె. ఏం లాభం? అసలు ఏమైందంటే, మద్దిలేటీ, పీర్లకు మొక్కి పేరు పెట్టిన ఆయప్ప తమ్ముడు ఉసేనీ, ఇద్దరూ నాపరాళ్ల గనిలో పని చేస్తాండ్రి. ఒగనాడు మందు పెట్టి పేల్చినారు. అంతా పేలిందిలే అనుకోని కిందికి దిగినారు. ఒక గుంతలో మందు పేలకుండా ఉండిపోయిందంట. అది అప్పుడు పేలె. ఉసేని రాళ్ల కింద పడిపాయె, మద్దిలేటి బైటపడె. బైటపడినోడు ఆ పొద్దు ఏం చూసినాడో, ఏం చేసినాడో ఎవురికీ చెప్పల్యా. అడిగితే లేచి పోతాడు.

ఇంక సుంకమ్మ. అదే బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జీల హోటలు ఆయమ్మది. ముందొక మొగుడు ఉండె. ఏం మొగుడులే! కూరలో ఉప్పు ల్యాదని కొట్టె, ఉప్పు ఎక్కువాయెనని కొట్టె, కడాకు ఉప్పు సరిగ్గా ఉన్న పొద్దు గుడక కొట్టె. పెద్దమనుషుల్లో కూచోని తెంపుకోని వచ్చి, మేనమామ పుల్లయ్య పంచన ఉండి హోటలు పెట్టుకునె. నోరు పెద్దది, లారీ డ్రైవర్లు గుడక ఆయమ్మ ముందర అణిగి ఉండాల్సిందే. అంత మనిషి గుడక, ఎవురన్నా ఎనక నుంచి వచ్చి అటక మీద డబ్బాకని చెయ్యి ఎత్తినారనుకో, రెండు చేతులతో తల కప్పుకోని కిందికి కూలబడుతుంది. అదిగో అది ఒగనాడు మద్దిలేటి చూసినాడంట. ఆ మర్సనాటి నుంచి హోటలుకు వచ్చేటప్పుడు దూరం నుంచే దగ్గుతాడు, ముందర పక్క నుంచే వస్తాడు, చేతులు కిందనే పెట్టుకుంటాడు. ఆయమ్మకు తెలవకుండా ఉంటాదా? ఆయమ్మ గుడక ఆయప్ప వచ్చే పొద్దుకు గిన్నెల మూతలు గుడ్డ మీద పెట్టేది. పక్కన టైర్లకు పంచర్లు ఏసే అంగట్లోకి పోయి, "అయ్యా, గాలి ఇడిసేటప్పుడు ఒక మాట చెప్పండి, నా నూనె బాండలి కాడ మనిషి ఉలిక్కిపడుతాండాడు" అని చెప్పొచ్చె. ఎవురు ఉలిక్కిపడేది మాత్రం చెప్పల్యా.

ఊరు ఊరుకుంటుందా? ఏందేందో అనబట్టె. ఒగనాడు సుంకమ్మే అడిగింది, బజ్జీలు తిప్పుతా తిప్పుతా. "మద్దిలేటీ, నన్ను చేసుకుంటావా?" అని. ఆయప్ప చేతిలో ఉగ్గాని పొట్లం అట్లే ఉండె. "నాకు బాగల్యా సుంకమ్మా. నేను ఎప్పుడు పారిపోతానో నాకే తెల్దు" అన్యాడు. "నాకు మాత్రం బాగుందా? ఎవురన్నా తల దువ్వుకుంటాంటే తన్నేకొచ్చె అనుకుంటా. బాగున్నోళ్లను చేసుకోని చూస్తిని కదా, చాల్లే" అనె. ఆయప్ప నవ్వినాడంట. నవ్వి, ఆ పొద్దు మొదటిసారి బల్ల మీద కూచోని తిన్యాడు. బల్ల చివర్లోనే అనుకో, ఒక కాలు రోడ్డు మీద పెట్టుకోని.

పెండ్లి ఊరి బైట గుట్ట మీద స్వామి కాడ పెట్టుకుండ్రి. సుంకమ్మ గట్టిగా చెప్పింది, మేళం వద్దు, డప్పు వద్దు, టపాకాయలు అసలే వద్దు అని. పుల్లయ్య తల ఊపినాడు. ఊపినాడే గానీ, తనలో తానే సణుక్కుంటాండె. నా మేనకోడలికి దిక్కు ల్యాకనా, పీనుగకైనా డప్పు కొడుతారు కదా, ఇదేం పెండ్లి అని. సరిగ్గా తాళి కట్టే పొద్దుకు, గుడి ఎనక్కి పోయి ఒక టపాకాయల సరం ముట్టిచ్చినాడు. టపటపటప! మద్దిలేటి చేతిలో తాళి ఉండాది, సుంకమ్మ తల వంచుకోని ఉండాది. తల ఎత్తి చూస్తే మొగుడు ల్యాడు, తాళీ ల్యాదు. గుట్ట దిగి పరిగెత్తుతాండాడు, పట్టు పంచె చేత పట్టుకోని. జనం ఒకటే గోల. "చెప్తిమి కదా, గాలి మనిషి అని!" అనేటోళ్లు కొందరు, నవ్వేటోళ్లు కొందరు. సుంకమ్మ లేచింది. పుల్లయ్యకు ఏం చెప్పాల్నో అది చెప్పింది, ఆ మాటలు ఈడ ఆడోళ్ల ముందర నేను చెప్పను. చెప్పి, బాసికం ఊడబీకి, చీర ఎగజెక్కి ఎంటపడె.

యాడికి పోయినాడనుకుంటిరి? గనికి. ఎన్నేండ్లుగానో ఆ దిక్కు మొగం పెట్టనోడు ఆ గనికే పోయినాడు. పాడుబడిన గని, ఎవురూ రారు. ఈయమ్మ పోయి చూస్తే, ఆయప్ప మోకాళ్ల మీద కూచోని రాళ్లు ఎత్తి ఎత్తి అవతల పారేస్తాండాడు. చేతులు నెత్తురు. "వాడు పిల్చినాడు సుంకమ్మా. అన్నా, అన్నా అని పిల్చినాడు. నేను ఒక్క రాయి ఎత్తల్యా. పరిగెత్తితి" అన్యాడు. అదీ సంగతి. ఇన్నేండ్లు లోపల పెట్టుకున్న మాట అది. ఇంకొకరైతే ఊరుకోప్పా అందురు, నీ తప్పేముంది అందురు. సుంకమ్మ కొంగు బిగిచ్చి, ఆయప్ప పక్కనే కూచోని తానూ ఒక రాయి ఎత్తింది. ఇద్దరూ ఎత్తినారు. పెండ్లి గాజులు పగిలె, గోరింటాకు చేతులు చిట్లె. ఎత్తంగా ఎత్తంగా అడుగున ఎర్రమన్ను బైటపడె. ఆయప్ప ఆ మన్నంతా చేత్తో తడిమి చూసినాడు. "ఈడ ల్యాడు" అనె. "ల్యాడు. వాణ్ని అప్పుడే బైటికి తీసి పూడ్సినారు, నీ చేత్తోనే మన్ను ఏపిచ్చినారు" అనె సుంకమ్మ. అప్పుడు ఏడ్సినాడంట మొగోడు, గనంతా మోగేటట్టు.

తాళి యాడ పోయిందో రాళ్లల్లో దొరకనేల్యా. "పోనీ, పసుపుకొమ్ము ఉంటాది ఇంట్లో" అని సుంకమ్మ అంటే ఇద్దరూ ఇంటికి వచ్చిరి. చుట్టాలు అప్పటికి తిని ఎళ్లిపోయిండ్రి, అయ్యవారు మాత్రం దక్షిణ కోసం ఉండె. మద్దిలేటి చేతులకు గుడ్డలు చుట్టి ఉండె, ముడి పడ్తే కదా. "నువ్వు పట్టుకో చాలు" అని సుంకమ్మే తన మెడకు తాను ముళ్లు ఏసుకునె. అయ్యవారు శాస్త్రం ఒప్పదు అన్యాడు. "శాస్త్రాన్ని వచ్చి కట్టమను" అనె ఆయమ్మ.

తర్వాత బాగైందా అంటావా? యాడమ్మా, అంత సులభమా? మొదటి దీపావళికి హోటలు మూసి ఇద్దరూ అడవి దిక్కు పోయి, పండగ అయినాక వచ్చిరి. రెండో దీపావళికి ఇంట్లోనే ఉండిరి, చెవుల్లో దూది పెట్టుకోని, చేతులు పట్టుకోని. సగం పండగకు మద్దిలేటి లేచి పరిగెత్తె. ఈయమ్మ గుడక ఎంట పరిగెత్తె. ఊరంతా దీపాలు పెడ్తాంటే వీళ్లిద్దరూ మొగుడూ పెండ్లాలు రోడ్డెంబడి పరుగు, ఆయమ్మ నవ్వుతాంది, ఆయప్పకు చెమటలు. పుల్లయ్య మాత్రం ఇప్పటికీ అరుగు మీద కూచోని, నేను ఆ టపాకాయలు ముట్టియ్యకపోతే అల్లుడు ఇట్ల మనిషయ్యేటోడా అని చెప్పుకుంటాండాడు. అనుకోనీలే, తాము చేసిన మేలు ఎవురూ గుర్తించరని ముసలోళ్లకు ఎప్పుడూ బాధే. ఊ, కానియ్యండి, శనక్కాయలు ఒల్చేది సగం గుడక కాల్యా, కతంటే చాలు చేతులు ఆపేస్తారు మీరు.