దుంగ మాట్లాడే చప్పుడు

ఇంకా గట్టిగనా? ఇంకెంత గట్టిగ కట్టె ఇరువాలె తమ్మీ, బెల్లంపల్లంత ఇనవడాల్నా?

ఆగు. గంట కొట్టకు. గేటుకాడ అంబదాస్ ఇంక టికెట్లు ఇస్తనే ఉన్నడు. ఎవరో పాత అణాలు తెచ్చినట్టున్నరు, నయాపైసలే కావాల్నని లొల్లి పడ్తున్నడు. గా లొల్లి అయ్యేదాక జర నా మాట ఇను.

జనం భయపడ్తలేరని నీకు పరేషాన్. మొన్న ఈలలు కొట్టిన్రు, చప్పట్లు కొట్టిన్రు. గందుకే ఇయ్యాల రెండు కట్టెలు ఒక్కసారి ఇరువుమంటున్నవు. వాళ్ళెందుకు భయపడ్తలేరో నాకు ఎరుకైంది.

నీ బావ పోయి ఏడాది గాలే, నువ్వు సిరిసిల్లల మగ్గం ఇడిసిపెట్టి వస్తివి. 'అక్కా, బొగ్గుబాయిల దిగనోళ్ళకు బొగ్గుబాయి చూపిస్త, జాతర మైదానంల టెంటు ఏస్త' అంటివి. నేను ఇంట్ల గోడలు చూస్కుంట కూసున్న దినాలు. తమ్ముని పని గద అని ఎనుకనే వచ్చిన.

బోర్డు మీద పాతాళ సవారి అని రాయిస్తివి. లోపలేం పెట్టినవు? పుర్రెలు, దయ్యాలు, ఎర్ర నాలుకలు! బాయి పనోళ్ళు ఎక్కి పడి పడి నవ్విన్రు. 'మా బాయిల గీ దయ్యం అమ్మగారు ఏ మూలకుంటది సేటూ' అని నిన్నే అడిగిన్రు. నీ మొకం గింతంత అయింది.

గప్పుడు చెప్పిన్నా లేదా? బాయిల దయ్యాలుండయిరా, చీకటి ఉంటది, నీళ్ళుంటయి, ఏమైతదో తెల్వకుంట ఉంటది, గదే భయం అని. బావ నాకు చెప్పిన ముచ్చట్లన్ని కూసుండవెట్టి నీకు చెప్పిన.

బట్ట తెలివి మాత్రం నీదే. గది నేను కాదన. జనం కూసునే పెట్టె జానెడు గూడ దిగదు. కని దాని ముంగట బొగ్గుగోడ లెక్క రంగేసిన బట్ట పైకి పోతుంటె, కూసున్నోనికి తానే కిందికి దిగుతున్నట్టు అయితది. కింది మొద్దు మీదికెల్లి ఇప్పుకుంటది, పైమొద్దుకు చుట్టుకుంటది. మగ్గం మీద పుట్టినోనివి గన్క తట్టింది.

మిగిలినయి నావి. మొదలు దీపం పెట్టాలె, కండ్లు దానికి అలవాటైనంక ఊదాలె అన్న. చీకట్ల ఎక్కినోడు చీకటికి భయపడడు తమ్మీ, ఎలుతురుల ఎక్కినోడే భయపడ్తడు. తడి గోనెపట్టా ఊపి చల్లగాలి తెచ్చిన. పటాకుల మందు జరంత కాల్చి బాయి వాసన తెచ్చిన. మెడ మీద ఒక్క సుక్క నీళ్ళు పడాలె, మళ్ళ ఎప్పుడు పడ్తదో తెల్వొద్దు. నువ్వేమో 'గిప్పుడు దయ్యం అరువాలె అక్కా' అంటివి. అరిపియ్యకు, ఏం చెయ్యకు, ఊకె కూసుండనియ్యి అన్న. ఏమైతదో ఏమో అని వాడే ఎదురుచూస్తడు. మన పని సగం వాడే చేస్కుంటడు.

గట్ల చూసి చూసి ఉన్నప్పుడు, కట్టె.

కట్టె ముచ్చట నీకు సగమే చెప్పిన. బాయిల పైకప్పు కూలకుంట దుంగలు నిలవెడ్తరు గద, బావ పని గదే. కప్పు దిగేముందు దుంగ మాట్లాడ్తది అనెటోడు. కిర్ర్‌మని మొదలువెట్టి టప్పుమంటది. గంతే. చేతుల ఏమున్నా పడేసి ఉరకాలె. గా చప్పుడే ఇన్నేండ్లు నా మెడల పుస్తె ఉంచింది. బావ దగ్గుతోటి పోయిండు గని కప్పు కింద పోలే.

మా వాడకట్టుల పోరగాండ్లకు అక్షరాలకంటె ముందు గది నేర్పుతరు. మా బుచ్చిరాములు అన్నం తింటుంటె, బావ పొయ్యికాడ ఎండుకట్టె పట్టి మెల్లగ ఇరిచెటోడు. కిర్రన్నదంటె పోరడు ముద్ద ఇడిసి వాకిట్లకు ఉరకాలె. ఉరకకుంటె వీపు మీద ఒక్కటి. నేను అడ్డం వోతె, 'నీ కొడుకు బతకాల్నా వద్దా' అని నా మీదికి లేచెటోడు. పోను పోను నిద్రల ఇనవడ్డా లేచి ఉరికెటోడు పోరడు. చుట్టాలు నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవు.

గా చప్పుడు తెచ్చి నీ టెంటుల పెట్టిన. రెండు పలకల నడుమ ఎండుకట్టె పెట్టి మెలివెట్టుడు. ఎంత మెల్లగ ఇరిస్తె గంత నిజం.

మొదటిసారి ఏమైంది? బాయి పనోళ్ళు ఒక్కడు కూసోలే! అడ్డం కట్టిన ఎదురుబొంగు ఇరగ్గొట్టుకొని, బట్ట చింపుకొని మైదానంల పడ్డరు. చెప్పులు లోపల్నే! నువ్వు సంతోషం పట్టలేక నా కాళ్ళు మొక్కినవు. నేను గూడ మురిసిన తమ్మీ, అబద్ధమెందుకు. తెల్లారి రంగులరాట్నం కాడ పురుగు లేదు, లైనంత మన ముంగటనే.

మళ్ళ వచ్చిన్రు. మళ్ళ మళ్ళ వచ్చిన్రు. మొదలు ఉరికిన్రు. గటెన్క లేచి నిలవడ్డరు. గటెన్క కూసున్నకాడనే నవ్విన్రు. గిప్పుడు పోరగాండ్లు పందెం కాస్తున్నరు, చప్పుడైనంక ఎవడు కదలకుంట కూసుంటడో వాడే మొగోడట. గెలిచేది ఎవరు? నీ మేనల్లుడు. బట్ట ఎనుక నేను కట్టె ఇరుస్త, ముంగట నా కొడుకు కాలు మీద కాలేస్కొని ఈల కొడ్తడు.

ఔ, పోరగాండ్ల ఆటనే. నేను గూడ గట్లనే అనుకున్న.

నిన్న నువ్వు రంగు తెచ్చుకోను మంచిర్యాలకు పోయి ఆట బంద్ పెడితివి. పొద్దటి షిఫ్టుల ఏమైందో నీకెవరు చెప్పలేదా? చెప్పరు, నీకు టెంటు తప్ప ఇంకో లోకం ఉన్నదా?

బుచ్చిరాములు బాయిల దిగవట్టి ఎన్ని దినాలైంది, మీసం గూడ సరిగ రాలే. వీడు, వీని దోస్తులు కూసుండి సద్ది తింటున్నరట. బావతోటి పనిచేసిన ముసలి సాంబయ్య ఆడనే ఉన్నడు. దుంగ మాట్లాడింది. నిజం దుంగ, తమ్మీ. సాంబయ్య ఉరికిండు. ఉరికి ఎనుకకు మర్రి చూస్తె ఒక్కడు లేస్తలేడు. చప్పట్లు కొడ్తున్నరు! నా కొడుకు ఈల కొడ్తున్నడు!

దుంగ మాట్లాడినంక మర్రి లోపలికి పోవద్దు. ఎవ్వడు మర్రి పోడు. సాంబయ్య పోయిండు. వీని కాలరు పట్టి గుంజిండు, మిగిలినోళ్ళను తన్ని లేపిండు. పోరగాండ్లు బయటవడ్డరు, కప్పు సద్దిగిన్నెల మీద పడ్డది. సాంబయ్య కుడిచెయ్యి కిందనే ఉండె. దవాఖానల పడుకోవెట్టిన్రు. చెయ్యి ఉంటదో తీసేస్తరో డాక్టరు చెప్తలేడు.

గిదంత నాకు ఎవరు చెప్పిన్రనుకున్నవు? వాడే. మాపటికి అన్నం తినుకుంట, నవ్వుకుంట. 'అవ్వా, అచ్చం నీ కట్టె తీర్గనే అన్నది. నువ్వే ఇరిచినవనుకున్న' అన్నడు.

నువ్వే ఇరిచినవనుకున్న. ఇన్నవా?

నేను లేచి పొయ్యికాడికి పోయిన. ఎండుకట్టె తీసిన. వాని ఎనుకనే నిలవడి, బావ ఇరిచినట్టే మెల్లగ ఇరిచిన. వాడు ముద్ద నోట్ల పెట్టుకున్నడు. పప్పుల ఉప్పు తక్కువైందన్నడు.

ఉప్పు డబ్బ తెచ్చి వాని ముంగట పెట్టిన తమ్మీ.

ఏంది? కట్టె తీసేద్దామా? ఇప్పుడు తీసేస్తవా? తీసేస్తె వాని చెవులల్లకెల్లి పోయిన భయం మళ్ళొస్తదా? బావ కొట్టి కొట్టి పెట్టిన భయం అది. కన్నకొడుకు అన్నం కాడ ఏడ్వంగ ఏడ్వంగ పెట్టిండు. నేను ఒక్క జాతరల ఊడవీకిన.

బాయి పని మాన్పియ్యమని ఊకె చెప్పకు. బతిలాడిన. కాళ్ళు పట్టుకున్న. 'మానేసి ఏం జెయ్యాలె, మామ టెంటుల దీపం ఊదాల్నా' అన్నడు. ఇయ్యాల పొద్దున దవాఖానకు తోల్కపోయి సాంబయ్యను చూపించిన. ఆ చెయ్యి చూస్తె పగోనికైనా కండ్లల్ల నీళ్ళొస్తయి. మెట్లు దిగినంక వీడేమన్నడో ఎరుకేనా? 'చూస్తివా అవ్వా, భయపడి ఉరికినోనికే దెబ్బ తాకింది, కూసున్న మాకేం గాలే' అన్నడు.

రేపటికెల్లి మళ్ళ దిగాల్నట.

గా దవాఖాన మెట్ల మీదనే కూసున్న. గప్పుడు తట్టింది, మన సవారిల తప్పేందో. చప్పుడు పెట్టినం గని, చప్పుడెనుక ఏం పెట్టలే. ఎన్నిసార్లు దుంగ ఇరిచినం, ఒక్కసారన్న కప్పు కూలిందా? జనానికి గది ఎరుకైపోయింది. బావ గట్ల ఊకె ఇడిసెటోడు కాదు. చప్పుడెనుక వీపు మీద దెబ్బ ఉండేది.

గందుకే... తమ్మీ, పైకి చూడకు.

ఔ. ముంగట కూసునే పలక మీదికే. గోనెసంచి, అండ్ల బొగ్గు. నువ్వు పగటీలి అన్నానికి పోయినప్పుడు కట్టిన. తాడు కొస నా కాలికింద ఉన్నది.

అరువకు! జనం ఇంటరు. వేరేటోళ్ళకేం గాదు, ముంగటి పలక మీద వాన్నొక్కన్నే కూసోవెట్టుమని అంబదాస్‌కు చెప్పిన. వానికీ గా జాగనే ఇష్టం.

పానం పోతదని నాకు తెల్వదా? కన్నది నేను. గుమ్మడికాయ పెట్టి చూసిన. మొదలు తుక్కుతుక్కు అయింది. సగం బొగ్గు తీసేసి ఇంకో కాయ పెట్టిన. నెర్రె వాసింది గని పగుల్లే. ఇంక జరంత తీసిన. నెత్తి మీద గాకుంట భుజం మీద పడేటట్టు తాడు జరిపిన. వాడు కదలడు గద, గురి తప్పది.

ఉరికితె? ఉరికితె సంచి ఉత్త పలక మీద పడ్తది, నేను గీ మైదానంలనే పొర్లు దండాలు పెడ్త. కట్టె మస్తు సేపు ఇరుస్త తమ్మీ. బావ ఎంత టైం ఇచ్చెటోడో గంత ఇస్త. లేచి ఉరికెటందుకు సరిపోను ఇస్త. గటెన్కనే కాలు తీస్త.

నా చెయ్యి గుంజకు. నీకు పాపం తాకదు, నీకేం తెల్వదని చెప్త. నీ టెంటు రేపు ఎత్తేసినా ఎత్తేస్తరు, నన్ను తిట్టుకో. గేటు బయట రిక్షా నిలవెట్టిన, పోవద్దని చెప్పిన. దవాఖానల సాంబయ్య పక్కన మంచం ఖాళీగనే ఉన్నది, పొద్దున చూసొచ్చిన.

అగో, వాడు ఎక్కిండు. ముంగటనే కూసున్నడు. దీపం ఊదుతున్నరు. మొద్దు తిప్పు తమ్మీ, బట్ట ఆగితె వానికి అనుమానమొస్తది.

నువ్వు అవ్వవేనా అంటడు. నా చేతి బువ్వ తినకపోవచ్చు, నా గడప తొక్కకపోవచ్చు. తిట్టనియ్యి. తిట్టెటందుకన్న మనిషి ఉండాలె గద.