సార్ వెళ్లేదాకా

ఉదయం పది కావస్తోంది. ముందు గదిలో పక్షవాతం వచ్చిన మాజీ సైనికుడు, ఆయన కూతురు. కాసేపట్లో పింఛను ఆఫీసు నుంచి పరీక్షాధికారి వస్తాడు.

"ఆ బూట్లు ఇటివ్వు నాన్నా."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? మంచం మీద మనిషికి బూట్లేమిటి? ఇటివ్వు."

"వచ్చేది ఆఫీసరమ్మా. ఒట్టి కాళ్లతో, పైజామాలో కనబడమంటావా?"

"కనబడు. రోజూ నాకెలా కనబడతావో అలాగే కనబడు. పోయినసారి ఏం చేశావో మరిచిపోయావా?"

"ఏం చేశాను? వచ్చినవాడికి మర్యాద చేశాను."

"మర్యాదా! పొద్దున్నే నా చేత గడ్డం గీయించుకున్నావు. కోటు తొడిగించుకున్నావు. పతకాలు పెట్టించుకున్నావు. లేసులు కూడా నేనే కట్టాను. తీరా ఆయనొచ్చి బట్టలు ఎవరు వేస్తారు అనడిగితే ఏమన్నావు?"

"అబ్బా, మళ్లీ మొదలు."

"చెప్పు. ఏమన్నావు?"

"నేనే అన్నాను."

"స్నానం?"

"నేనే అన్నాను."

"బాత్రూముకి?"

"ఆ మాట పరాయివాడి ముందు ఎలా చెబుతామే?"

"పైగా బీరువా పట్టుకుని లేచి, గుమ్మం దాకా నడిచి మరీ సాగనంపావు. ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో దభీమని పడ్డావు. నిన్ను లేపడానికి పక్కింటి వడ్రంగి రావాల్సొచ్చింది. అది ఆయన చూశాడా? చూళ్లేదు. ఉత్తరంలో ఏం రాశాడు? 'తన పనులు తానే చేసుకోగలడు, ఇంటి సహాయకుడి భత్యం అక్కర్లేదు' అని రాశాడు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అని ఊరికే అన్నారా!"

"అంత గట్టిగా అరవకు. పక్కవాళ్లు వింటారు."

"విననీ! తొమ్మిది నెలలైంది నాన్నా. నీకు నోరు వంకరపోయిందని ఫోనొస్తే, అక్కడ నా ఇంటికి తాళం వేసి పరిగెత్తుకొచ్చాను. ఒకటో తారీకుకి డ్యూటీ ఎక్కకపోతే డిపోలో నా పేరు కొట్టేస్తామన్నారు. పదహారేళ్లు బస్సు తోలాను. ఆ భత్యం వస్తే రాత్రీ పగలూ నీ దగ్గర ఒక మనిషి ఉంటాడు. రాకపోతే నా ఉద్యోగం పోయినట్టే. ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నీ నడుము ఎలా ఉంది?"

"మాట మార్చకు. నిన్ను ఎత్తీ ఎత్తీ అదెప్పుడో పోయింది."

"నటించమంటావు. అంతేగా? మూలుగుతూ పడుకోమంటావు."

"నటించింది పోయినసారి! ఈసారి మానెయ్యమంటున్నాను."

"ఇరవై రెండేళ్లు సైన్యంలో లారీ తోలాను. మంచులో, కొండల్లో. ఒక్కనాడు చేతకాదని అన్లేదు."

"లారీకి బ్రేకులు పోతే పోయాయని చెప్పేవాడివా, లేదా?"

"లారీ వేరు."

"చెప్పేవాడివా, లేదా?"

"చెప్పేవాణ్ణి."

"ఇవాళా అలాగే చెప్పు. అదిగో, జీపొచ్చింది. పడుకో. లేవకు. లేచావంటే నా మీద ఒట్టే."

"నమస్కారమమ్మా. అప్పీలు పెట్టుకున్నది మీరే కదూ?"

"నేనే సార్. రండి. పోయినసారీ మీరేగా వచ్చారు. ఇదిగో, మా నాన్న... నాన్నా! లేవకు! ఏం చేస్తున్నావు? ఆ బీరువా వదులు!"

"గుడ్ మార్నింగ్ సార్!"

"అరెరే, ఎందుకండీ పెద్దాయనా, కూర్చో..."

"అనకండి సార్. కూర్చోమనకండి."

"అదేమిటమ్మా?"

"కుర్చీలో మీరు కూర్చోండి. ఆయన్ని నిలబడనివ్వండి. పోయినసారి రెండు నిమిషాల్లో ముగించి వెళ్లిపోయారు. ఇవాళ తీరిగ్గా ఉండండి. మీరు వెళ్లేదాకా ఆయన కూర్చోడు. అదీ ఆయన రోగం. ఎన్నాళ్లు దాస్తాడో నేనూ చూస్తాను. అడగండి, మీ ఫారంలో ఉన్నవన్నీ అడగండి. నెమ్మదిగా అడగండి."

"ఈ సైన్యం మనుషులందరూ ఇంతేనమ్మా. మొన్న ఒకాయన ఆక్సిజన్ గొట్టం పీకేసి సెల్యూట్ కొట్టాడు."

"తెలిసి కూడా చేసుకోగలడని రాశారా?"

"తెలియడం వేరు, రాయడం వేరు. సరే. పెద్దాయనా, స్నానం?"

"నేనే చేస్తాను సార్."

"భోజనం?"

"నేనే సార్. ఎడంచేత్తో."

"చొక్కా గుండీలు?"

"నేనే సార్."

"అబద్ధం! సార్, ఆ చొక్కాకి అసలు గుండీలేవి? చూడండి. ఆయన వల్ల కావడం లేదని అన్నీ కోసేసి, అంటుకునే పట్టీ కుట్టాను. అది అంటించేదీ నేనే."

"గుండీలు పెట్టుకోగలరా లేదా అనే ఉందమ్మా ఇక్కడ. పట్టీకి గడి లేదు."

"గడి లేదా! రాత్రికి మూడుసార్లు లేచి పక్కకి తిప్పుతాను, లేకపోతే వీపు పుండవుతుంది. దానికుందా గడి?"

"నిద్రలో సంగతులకి లేదమ్మా."

"మరి దేనికుంది? ఆయన్ని ఆ కొండల్లోకి పంపేటప్పుడు ఇన్ని గడులు గీశారా? ఎక్కమన్నారు, ఎక్కాడు. తోలమన్నారు, తోలాడు. అప్పుడు గుండీల సంగతి అడిగిన మొనగాడెవడు?"

"నన్ను కోప్పడి ఏం లాభం? ఫారం నేను తయారుచేశానా?"

"చేసినవాణ్ణి పిలవండి, వాణ్ణే కోప్పడతాను!"

"అమ్మాయ్, నోర్ముయ్. సార్‌తో అలాగేనా మాట్లాడేది?"

"నువ్వు మాట్లాడకు! నీ కాలు వణుకుతోంది. చూడండి సార్, ఆ మోకాలు చూడండి."

"చూస్తున్నాను. కానీ అమ్మా, మీకో సంగతి చెప్పాలి. ఎనిమిది నిమిషాలైంది."

"అయితే?"

"ఎంతసేపు నిలబడగలరు అని ఇక్కడో గడి ఉంది. ఐదు నిమిషాలు దాటితే సాయం అక్కర్లేని మనిషి కిందే లెక్క. నేను రాయక తప్పదు."

"ఏమిటీ? అంటే నేనే... నా చేతులారా నేనే నిలబెట్టి..."

"మీరే కూర్చోమననివ్వలేదు."

"ఆ కాగితం ఇటివ్వండి. చింపేస్తాను. ఇటివ్వండి!"

"అమ్మా, అది ప్రభుత్వ కాగితం, వదలండి..."

"నాన్నా, చెప్పు! నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కసారి చెప్పు. 'నా వల్ల కాదు' అను. మూడే మూడు మాటలు. నా బతుకు నీ నాలిక చివర ఉంది నాన్నా!"

"సార్, దాన్ని పట్టించుకోకండి. అది కాస్త కోపిష్ఠి. నేను బాగానే... బాగానే..."

"పడిపోతున్నారమ్మా! పట్టుకోండి!"

"పట్టుకున్నాను. నా మెడ మీద చెయ్యెయ్యి నాన్నా. అది కాదు, ఎడంచెయ్యి. సార్, చూస్తూ నిలబడ్డారేం? కాళ్లెత్తండి! ఎత్తండి! చూశారా ఎంత బరువో? రోజుకి ఆరుసార్లు ఎత్తుతాను. ఇప్పుడు రాసుకోండి మీ గడిలో."

"రాస్తాను. నా ముందే పడిపోయారని రాస్తాను. ఆ ఎనిమిది నిమిషాలూ కొట్టేస్తాను, సరేనా? కాసిని నీళ్లు పట్టండి ఆయనకి."

"నిజంగా కొట్టేస్తారా?"

"కొట్టేస్తానమ్మా. నాకూ తండ్రి ఉన్నాడు. కానీ ఆయన నోటితో కూడా రావాలి, కింద సంతకం పెట్టాలి. పెద్దాయనా, ఎందుకండీ ఇంత పంతం? సిగ్గా? ఇదేం ముష్టి కాదు, మీ హక్కు. చేతకాదు అని ఒక్క మాటనండి. వారం తిరిగేలోగా ఇంటికి మనిషి వస్తాడు."

"సిగ్గెందుకు సార్? తొమ్మిది నెలలుగా కూతురి చేత కడిగించుకుంటున్నాను. ఇంకా సిగ్గేమిటి నాకు?"

"మరి?"

"మీ మనిషి ఆ గుమ్మంలో కాలుపెట్టిన రోజే ఇది తన ఊరు వెళ్లిపోతుంది సార్."