గోరంత తడి

ముప్పై ఏడు సంవత్సరాల క్రితం జూలై నెల మూడవ తేదీ సోమవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, అనగా పది నిమిషాలు ఆలస్యంగా, మా అతుకుల విభాగపు మేస్త్రీగారు ఈ వానకోట్ల కర్మాగారంలో ఉద్యోగ ప్రవేశం చేశారు. ఆలస్యానికి కారణం వాన. గొడుగు లేక బస్టాపులో నిలిచిపోయారట. ఆనాటి హాజరు పట్టీలో ఆయన పేరు కింద ఎర్రగీత పడింది. ఆ తరువాత ఇన్నేళ్ళలో రెండవది పడలేదు. గొట్టాలతో వాన కురిపించి కోట్లను పరీక్షించే వాన గదికి నేను బాధ్యుణ్ణి. ఆయన చేయించిన కోటులో చిల్లి వెతికి పట్టుకోవడమే ఇరవై తొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం. అటువంటి నా చేతనే ఆయనకు అభినందన వ్యాసం రాయించడం మా కర్మాగార పత్రిక సంపాదకవర్గం వారి చమత్కారం కాబోలు.

ఆయన విరమణతో పాటు, మేము పాతకోటు అని పిలిచే మా తొలినాటి రబ్బరు వానకోటు కూడా విరమించవలసి వస్తుందా అన్న ప్రశ్న మొన్నటిదాకా ఎనిమిది నెలలకు పైగా మమ్మల్నందరినీ పీడించింది. ఆ కోటు మీద బతుకుతున్నవారు అతుకుల విభాగంలో పదకొండు మంది. కనుక ఆయన కుటుంబ సభ్యుల కోసం ముందుగా ఆ కోటును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

రెండు నూలుబట్టల నడుమ పలుచని రబ్బరు పొర పరిచి వానను ఆపవచ్చునని కనుగొన్న తొలిరోజులలో, అటువంటి కోట్లు చలికి చెక్కలా బిగుసుకునేవి, ఎండకు బంకలా అంటుకునేవి. వాసనకు పక్కనున్నవారు లేచి పోయేవారు. రబ్బరును గంధకంతో కలిపి ఉడికించే పద్ధతి వచ్చాకనే అవి మనుషులు తొడుక్కునే స్థితికి వచ్చాయి. మా కోటుకు భుజాల మీద రెండవ పొర, మెడ దాకా బిగించే పట్టీ, నీరు నిలవని ఏటవాలు జేబులు, చంకల కింద గాలి ఆడే చిన్న కన్నాలు ఉంటాయి. వీటిలో ఒక్కటీ అలంకారం కాదు. అన్నిటికంటె కష్టమైనది అతుకు. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం పడుతుంది గనుక, ముందు అంచులకు రబ్బరు జిగురు రాసి అతికించి, కుట్టి, ఆ కుట్టును లోపలివైపు నుండి మరొక పట్టీతో మూయాలి. చొక్కాకైతే తప్పు కుట్టును విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. ఇక్కడ కుట్టు విప్పినా కన్నం అక్కడే ఉంటుంది.

చొక్కాలు కుట్టే దుకాణం నుండి వచ్చిన మేస్త్రీగారికి ఈ సంగతి తెలియదు. చేరిన మొదటి వారంలో, పాత అలవాటు కొద్దీ, గుడ్డ జారకుండా గుండుసూదులు గుచ్చి ఇరవై ఆరు కోట్లు సిద్ధం చేశారు. ఇరవై ఆరూ జల్లెడలే! అప్పటి పెద్ద మేస్త్రీగారు కేకలు వేయలేదు. చేతికి సుద్దముక్క ఇచ్చి, "నువ్వు పెట్టిన కన్నాలు నువ్వే వెతుక్కో నాయనా" అని వాన గదిలోకి పంపారు. ఒక్కొక్క కోటూ తొడుక్కుని, కారిన చోటల్లా లోపల గుర్తు పెట్టుకుంటూ ఆయన మూడు రోజులు నిలువునా తడిశారు. నాలుగవ రోజు జ్వరంతో మంచమెక్కారు.

ఏడవ సంవత్సరంలో సహాయకులుగా, పదిహేనవ సంవత్సరంలో మేస్త్రీగా నియమితులైన నాటి నుండి వారి కార్యదక్షత అందరికీ విదితమే. జిగురును కుంచెతో రాయనిచ్చేవారు కాదు. మందం వేలికే తెలుస్తుందనేవారు. పని విషయంలో రాజీ ఎరుగని ఈ మనిషి ఇంటి విషయంలో ఎంతటివారో వారి శ్రీమతిగారి నోటనే వినాలి. "మా వంటింట్లో పంపు పన్నెండేళ్ళుగా కారుతోందండీ. అక్కడ చుక్క పడితే ఈయనకి అన్నం సయించదు, ఇక్కడ బకెట్టు పెట్టుకోమంటారు" అని ఆ ఇల్లాలు నాతో వాపోయారు. పంపు ఇంకా కారుతూనే ఉందని వినికిడి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రతి పాతకోటుకూ ఆఖరి అతుకు మేస్త్రీగారి చేతి మీదనే పడేది గనుక, ఆయన విరమించేలోగా ఆయన చేయి పడకుండా, విభాగంలోని ఎవరైనా ఒక కోటును మొదటి నుండి చివరి వరకు చేసి వాన గదిలో నెగ్గించాలనీ, లేనిపక్షంలో పాతకోటు తయారీ నిలిపివేసి ఆ పదకొండు మందిని ఇంటికి పంపుతామనీ యాజమాన్యం తెలియజేసింది. నెగ్గిందో లేదో తేల్చవలసినది కూడా మేస్త్రీగారే. కాజాలు కుట్టడంలో అందెవేసిన చేయి కావడం వల్ల మేమంతా కాజాల వదిన అని పిలుచుకునే సహోద్యోగి ముందుకు వచ్చారు. ఎనిమిది నెలలు నేర్చుకున్నారు.

ఆయన విరమణకు మూడు వారాల ముందు పరీక్ష జరిగింది. లేత నీలం చొక్కా మీద కోటు తొడుక్కుని మేస్త్రీగారు గంటసేపు గొట్టాల కింద నిలబడ్డారు. తడి తగిలితే ఆ చొక్కా ముదురు రంగుకు మారుతుంది. కిటికీ అవతల మేనేజరు గారు, ఆమె వెనుక ఆ పదకొండు మంది. నీళ్ళు ఆపి, లోపలికి వెళ్ళి కోటు విప్పింది నేనే. ఎడమ చంక కింద, నాలుగు అతుకులు కలిసే చోట, గోరంత తడి కనిపించింది.

"ఎవరూ చూళ్ళేదండీ. చెయ్యి దించుకుని బయటికి నడవండి, చొక్కా నేను మార్చేస్తాను. పదకొండు కుటుంబాలండీ!" అని గొణిగాను.

"నేను చూశాను కదయ్యా" అన్నారాయన. బయటకు నడిచి, ఎడమ చేయి పైకెత్తి, "కారింది" అని చెప్పారు.

ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన కోపం ఇంతా అంతా కాదు. వదిన ఊరుకుంటారా! "ఎనిమిది నెలలు వేళ్ళు అరగదీసుకున్నాను మేస్త్రీగారూ. గోరంత తడికి మా అందరి నోట్లో మట్టి కొట్టారు. మీకేం, ఇంకో మూడు వారాల్లో హాయిగా ఇంటికి పోతారు" అని అందరి ముందూ కడిగేశారు. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆయన, "మూడో అతుకు ఆరకముందే నాలుగోది వేశావమ్మా. రేపు కొత్త గుడ్డ తీయి" అన్నారు. ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ గుడ్డ తీశారు.

విరమణకు ఇంకా నాలుగు రోజులుందనగా రెండవ కోటు సిద్ధమైంది. ఈసారి తొడుక్కోనన్నారు మేస్త్రీగారు. "నెగ్గాలని నాకే ఉంది. నా కళ్ళని నేను నమ్మను. మేనేజరమ్మగారే నిలబడాలి" అని పట్టుబట్టారు. ఆమె ఫోను నా చేతిలో పెట్టి, నీలం చొక్కా అడిగి తీసుకుని లోపలికి వెళ్ళారు. గంట గడిచింది. బయటకు వచ్చి, కోటు తానే విప్పి, పదకొండు మంది ఎదుటా రెండు చేతులూ పైకెత్తి చుట్టూ తిరిగి చూపించారు. చొక్కా ఎక్కడా రంగు మారలేదు. వదిన స్టూలు మీద కూలబడి భోరుమన్నారు.

గోల సద్దుమణిగాక మేనేజరు గారు మేస్త్రీగారితో ఇలా అన్నారు: "మొన్న మీ కోటు విప్పినప్పుడే కిటికీలోంచి ఆ తడి చూశానండీ. ఏమంటారో చూద్దామని ఊరుకున్నాను. కారలేదని ఉంటే ఆ సాయంత్రమే విభాగానికి తాళం వేసేదాన్ని."

ఆమె చూశారన్న సంగతి ఆయనకు తెలియదు. పదకొండు మంది తిండి పోతుందని తెలిసీ, తన మాట ఒక్కటే దాన్ని ఆపగలదని నమ్మి కూడా, ఉన్నదున్నట్టు చెప్పారు. నా సలహా విని ఉంటే ఈ వ్యాసం నేను ఎవరి ముఖం చూసి రాసేవాణ్ణో నాకు తెలియదు. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

మేస్త్రీగారూ, శ్రీమతిగారితో, పిల్లాపాపలతో మీరు నిండు ఆరోగ్యంతో, తరగని ఓపికతో నూరేళ్ళు చల్లగా ఉండాలని మా అందరి హృదయపూర్వక ఆకాంక్ష. మీరు విరమించి రెండు నెలలై, ఈ వ్యాసం అచ్చుకు పోయే వేళకు వదిన బల్ల మీద తొమ్మిదవ కోటు ఆరుతోంది. వారం క్రితం ఐదవ కోటు తొడుక్కుని నేను వాన గదిలో నిలబడ్డాను. కుడి భుజం దగ్గర చుక్క కారింది. వదిన నా వంకే చూస్తూ నిలబడ్డారు. కారిందని చెప్పాను.