అత్తగారు అడిగిన ఈజిప్టు

మొరాకోలోని ఉవర్జజాత్‌లో హమ్మూ ఇల్లు. కొండ మీది పల్లె నుంచి అత్తగారు తూదా దిగింది. భార్య ఇత్తో పుదీనా టీ పోస్తోంది. హమ్మూ ప్రాణం మాత్రం గిలగిలలాడుతోంది పాపం.

“వద్దు అల్లుడూ. మరాకేష్ వద్దు, ఫెస్ వద్దు. పెళ్ళయ్యాక మీరిద్దరూ ఫోటోలో నిలబడ్డారే, ఆ ఫరో గుడి. అదే చూస్తాను.”

“అది ఈజిప్టండీ అత్తయ్యా!”

“నేననేదీ ఈజిప్టేగా. నా కూతురికి చూపించినవాడివి నాకు చూపించలేవూ?”

“అబ్బే, అంత దూరం మీరు... అయినా అక్కడేముందండీ, అన్నీ పాతవి. వలూబిలిస్ వెళ్దాం. రోమన్లు కట్టిన స్తంభాలు, వాటి మీద కొంగల గూళ్ళు...”

“కొంగలు మా ఊళ్ళో లేవూ? నాకు ఫరోయే కావాలి.”

“ఇప్పుడా గుడి లేదండీ. పోయిన నెల దాన్ని రోము చేసేశారు.”

“గుడిని రోము చేసేశారా! ఎవరు?”

“వాళ్ళే... ఈజిప్టు వాళ్ళు.”

“ఏమయ్యా, చెప్పెయ్యరాదూ?”

“నువ్వుండవే ఇత్తో! అంటే, మొత్తం కాదు అత్తయ్యా, ఒక గోడే రోము. ఆ ఫరో ముక్కుకి కూడా మొన్న నేనే సున్నం...”

“నువ్వా?”

“నేనే... చూశాను. పూస్తుంటే. టీవీలో.”

“ఆ చెమటలేంటి అల్లుడూ?”

“టీ వేడిగా ఉందండీ.”

“ఇంకా తాగందే?”

“ఇక చాలు! అమ్మా, నేను చెప్తా విను. మేం ఈజిప్టూ వెళ్ళలేదు, గీజిప్టూ వెళ్ళలేదు. అది ఈ ఊరి చివర సినిమా స్టూడియో. ఈయన పని చేసేది అక్కడే. ఆ గుడంతా కర్రలూ, సున్నమూ. ఒక సినిమాకి ఈజిప్టు, ఇంకో సినిమాకి రోము.”

“కొంప ముంచావే! అత్తయ్యా, మామగారేగా పట్టుబట్టింది, ఈజిప్టు చూపిస్తానంటేనే పిల్లనిస్తానని! డబ్బు చాల్లేదు. మాట పోతుందని ఇలా... మీ కాళ్ళు పట్టుకుంటా, బావలకి చెప్పకండి.”

“లే, లే. టీ ఒలుకుతుంది. నాకు తెలీదనుకున్నావా?”

“తెలుసా?”

“తెలిసే ఈయన్ని ఇంతసేపు వేపుకు తిన్నావా అమ్మా?”

“నేనేం తిన్నానే? ఈజిప్టు చూపించమన్నాను, అంతే. మీ ఫోటో చూసి మీ నాన్న పడీ పడీ నవ్వాడు. ఎందుకో చెప్పలేదు గానీ, నాకు తెలిసిపోయింది.”

“ఎందుకు?”

“పెళ్ళైన కొత్తలో నన్నూ అక్కడికే తీసుకొచ్చాడు కనక. విమానం ఎప్పుడెక్కామని నేనడిగితే, ‘నువ్వు నిద్రపోయావు’ అన్నాడు. అలిసిపోయి ఫరో కాలికి ఆనుకుంటే నా మోచెయ్యి లోపలికి దిగిపోయింది. పాతదైపోయింది పాపం, అన్నాడు.”

“మరి నువ్వేమన్నావు?”

“ఏమంటాను? అంత సంబరంగా చూపిస్తుంటే! మొన్న చలికాలం ఆయన పోయేదాకా నాకు తెలుసని చెప్పనేలేదు.”

“అత్తయ్యా... ఎలాగోలా డబ్బు కూడబెట్టి, మిమ్మల్ని అసలు ఈజిప్టుకే తీసుకెళ్తాను. ఒట్టు.”

“అసలుది నాకెందుకు అల్లుడూ? అక్కడికి ఆయన నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదుగా.”